గేటు ఎత్తేశారు, ఫైలు కదలలేదు: యూరప్ సరిహద్దు ప్రాంతాల కథ

పిరినీస్ కొండల మధ్య, సముద్రమట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో సెర్దాన్య అని ఓ విశాలమైన లోయ ఉంది. సగం స్పెయిన్‌ది, సగం ఫ్రాన్స్‌ది. ఫ్రాన్స్ వైపు ఊళ్ళలో ఎవరికైనా అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే, వాళ్ళ దేశంలోని పెద్దాసుపత్రి కోసం పెర్పిన్యాన్ దాకా దాదాపు వంద కిలోమీటర్లు ఘాట్ రోడ్డు దిగాలి. మంచు కురిసే నెలల్లో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అదే సరిహద్దు దాటితే కూతవేటు దూరంలో స్పెయిన్ పట్టణం పుచ్చెర్దా ఉంది. 2014 సెప్టెంబరు నుంచి అక్కడ రెండు దేశాలూ కలిసి నడిపే ఆసుపత్రి పనిచేస్తోంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా వైద్యం అయిపోయాకే. ఫ్రెంచి దంపతులకు ఆ ఆసుపత్రిలో బిడ్డ పుడితే, పుట్టింది స్పెయిన్ గడ్డ మీద. కాబట్టి ముందు స్పెయిన్ రిజిస్టరులో నమోదు, ఆ తర్వాత ఫ్రాన్స్ రికార్డుల్లోకి ఎక్కించుకునే తతంగం. ఫ్రెంచి ముసలాయన అక్కడ కన్నుమూస్తే, నాలుగడుగుల అవతల ఉన్న సొంతూరికి శవాన్ని తీసుకెళ్ళడం కూడా అంతర్జాతీయ రవాణా కిందే లెక్క. దానికి తగ్గ పర్మిట్లు, దానికి తగ్గ శవపేటిక కావాలి. ఈ ఒక్క ముడి విప్పడానికి ఫ్రాన్స్, స్పెయిన్ ప్రభుత్వాలు 2017లో విడిగా ఓ ఒప్పందమే రాసుకోవాల్సి వచ్చింది.

యూరప్‌లో సరిహద్దులు లేవు, కారెక్కితే నాలుగు దేశాలు చుట్టి రావచ్చు అని మనవాళ్ళు అంటుంటారు. టూరిస్టుకు అది నిజమే. అక్కడే కాపురం ఉండేవాళ్ళకు మాత్రం సరిహద్దు రోడ్డు మీద గేటు కాదు. ఆసుపత్రి రిజిస్టరులో, జీతం స్లిప్పులో, పన్ను ఆఫీసు ఫైల్లో ఉంటుంది. దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసిన షెంగెన్ ఒప్పందం ఎత్తేసింది గేటునే. మిగతావాటి కోసం సరిహద్దు ప్రాంతాలు దాదాపు డెబ్భై ఏళ్ళుగా పెనుగులాడుతున్నాయి. దానికే సరిహద్దులు దాటిన సహకారం, ప్రాదేశిక అభివృద్ధి అని పెద్ద పెద్ద పేర్లు. అందులో సంస్థలు, నిధులు, సంక్షిప్త నామాలు ఎన్ని ఉన్నాయంటే చదివేవాడికి తల తిరుగుతుంది. కానీ ఏ ప్రాజెక్టు తీసుకున్నా చివరికి తేలాల్సినవి రెండే: ఎవరి చట్టం, ఎవరి డబ్బు.

మేయర్ సంతకానికి విలువెంత?

మొదట అసలు ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. ఒకే నదికి చెరో ఒడ్డున రెండు పట్టణాలున్నాయి. మురుగునీటి శుద్ధి ప్లాంటు ఒకటి కట్టుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. రెండు ఊళ్ళూ ఒకే దేశంలో ఉంటే ఇద్దరు మేయర్లు కూర్చుని ఒప్పందం రాసుకుంటారు. నది మధ్యలో అంతర్జాతీయ సరిహద్దు ఉంటే మాత్రం ఆ ఒప్పందం విదేశీ వ్యవహారం అయిపోతుంది. విదేశీ వ్యవహారాలు రాజధాని పని. మురుగుకాలువ గురించి విదేశాంగ మంత్రిత్వ శాఖలు లేఖలు రాసుకోవాలి. ఆ లేఖలు ఎప్పటికి కదులుతాయో మనకు తెలియనిది కాదు.

ఈ ఇబ్బందిని మొదట గట్టిగా ఎదుర్కొన్నది జర్మనీ, నెదర్లాండ్స్ సరిహద్దు. ఎన్‌స్కెడె, గ్రోనావ్ పట్టణాల చుట్టూ ఉన్నదంతా బట్టల మిల్లుల ప్రాంతం. రెండు రాజధానులకూ అది మారుమూలే. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదమూడేళ్ళయినా కాకముందే, 1958లో, అక్కడి స్థానిక సంస్థలు కలిసి యూరెజియో అనే వేదిక పెట్టుకున్నాయి. యూరప్‌లో ఈ తరహాది అదే మొదటిది. దానికి చట్టబద్ధమైన అధికారమంటూ ఏమీ లేదు. మిల్లులు మూతపడుతుంటే ఇరువైపుల వాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవడానికి ఓ చోటు, అంతే. దాన్ని చూసి మిగతా సరిహద్దుల్లోనూ యూరోరీజియన్లు అనే ఇలాంటి వేదికలు పుట్టాయి. 1971లో ఇవన్నీ కలిసి ఓ సంఘం పెట్టుకున్నాయి. దాని ప్రధాన కార్యాలయం ఇప్పటికీ గ్రోనావ్‌లోనే.

మేయర్ల సంతకానికి చట్టపరమైన ఆధారం 1980లో దొరికింది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ (యూరోపియన్ యూనియన్ కాదు, ఇది వేరే సంస్థ) మాడ్రిడ్‌లో చేసిన ఒప్పందం స్థానిక సంస్థలు సరిహద్దు దాటి కలిసి పనిచేయవచ్చని గుర్తించింది. గుర్తించింది కానీ తలుపు పూర్తిగా తెరవలేదు. చాలాచోట్ల ఆ దేశాలు మళ్ళీ విడిగా ఒప్పందాలు చేసుకుంటే తప్ప పని నడవలేదు. జర్మనీ, ఫ్రాన్స్, లక్సెంబర్గ్, స్విట్జర్లాండ్ కలిసి అలాంటి ఒప్పందం కార్ల్స్‌రూహేలో చేసుకునేసరికి 1996 వచ్చింది.

డబ్బు వచ్చింది, సంస్థా వచ్చింది

మాటలు మొదలయ్యాక డబ్బు కావాలి. 1990లో యూరోపియన్ కమిషన్, అంటే ఇప్పటి యూరోపియన్ యూనియన్ పాలన నడిపే సంస్థ, ఇంటర్‌రెగ్ అనే పథకం పెట్టింది. సరిహద్దుకు రెండు పక్కల నుంచీ భాగస్వాములు కలిసి వస్తేనే నిధులిస్తామన్నది దాని షరతు. మొదట్లో వంద కోట్ల పైచిలుకుతో మొదలైన పథకానికి 2021-27 బడ్జెట్‌లో సుమారు 800 కోట్ల యూరోలు కేటాయించారు. సైకిల్ దారులు, వరద హెచ్చరికలు, ఉమ్మడి అగ్నిమాపక శిక్షణ, నదుల శుభ్రత, రెండు భాషల బడులు... ఇందులో లేనిది లేదు.

నా మటుకు నాకు ఇంటర్‌రెగ్ మీద గౌరవం ఉంది, విసుగూ ఉంది. ఎప్పుడూ పలకరించుకోని రెండు ఆఫీసులను అది ఒకే గదిలో కూర్చోబెట్టింది. ఆ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ అది ప్రాజెక్టుల డబ్బు. మూడేళ్ళు ఉంటుంది, తర్వాత పోతుంది. నిధుల కోసమే జతకట్టి, దరఖాస్తులో ఇద్దరి సంతకాలూ పెట్టి, ఎవరి గట్టున వాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకునే భాగస్వాములకూ లోటు లేదు. ఇది నా సొంత అనుమానం కాదు. 2021లో యూరోపియన్ యూనియన్ ఆడిటర్లు ఇచ్చిన నివేదిక కూడా కొన్ని ప్రాజెక్టుల గురించి ఇంచుమించు ఇదే చెప్పింది.

ప్రాజెక్టు అయిపోయాక ఆస్తి ఎవరిది, ఉద్యోగికి జీతం ఏ దేశపు చట్టం ప్రకారం ఇవ్వాలి, నష్టం వస్తే ఎవరు భరించాలి? వీటికి జవాబుగా 2006లో యూరోపియన్ యూనియన్ కొత్త రకం సంస్థకు చట్టం చేసింది. పేరు యూరోపియన్ గ్రూపింగ్ ఆఫ్ టెరిటోరియల్ కోఆపరేషన్, పొట్టిగా ఈజీటీసీ. వేర్వేరు దేశాల మున్సిపాలిటీలు, రాష్ట్రాలు, అవసరమైతే ప్రభుత్వాలే కలిసి ఓ చట్టబద్ధమైన సంస్థ పెట్టుకోవచ్చు. అది ఉద్యోగులను పెట్టుకోవచ్చు, టెండర్లు పిలవచ్చు, ఆస్తి కొనవచ్చు, కోర్టుకెక్కవచ్చు. ఏ దేశంలో రిజిస్టర్డ్ ఆఫీసు ఉంటే ఆ దేశపు చట్టం వర్తిస్తుంది. మొదటిది 2008 జనవరిలో పుట్టింది. ఫ్రాన్స్‌లోని లీల్, బెల్జియంలోని కోర్ట్రైక్, తూర్నే కలిసిన యూరోమెట్రోపోలిస్ అది. రెండు దేశాల్లో 147 స్థానిక సంస్థలు, 20 లక్షలకు పైగా జనం దాని పరిధిలోకి వస్తారు.

ఈజీటీసీకి ప్రతి సభ్యుడి దేశమూ అనుమతివ్వాలి. 2013 సవరణలో ఇక్కడో చిన్న తెలివైన పని చేశారు. ఆరు నెలల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అన్నారు. ఆఫీసు ఉండే దేశం మాత్రం నోరు తెరిచి సరే అనాల్సిందే. ఫైళ్ళ మీద కూర్చునే అలవాటున్న మంత్రిత్వ శాఖలకు ఇంతకంటే మంచి మందు లేదు. అయితే ఈ సంస్థ చట్టాలు చేయలేదు, పోలీసు అధికారాలు చెలాయించలేదు. అంటే సంస్థను ఉమ్మడిగా పెట్టుకోవచ్చు గానీ నియమాలు మాత్రం ఎవరి గట్టువి వాళ్ళవే.

పుచ్చెర్దా ఆసుపత్రి ఈ తరహాలోనే నడుస్తోంది. స్పెయిన్ వైపు కాటలోనియా ప్రభుత్వం 60 శాతం, ఫ్రాన్స్ 40 శాతం భరిస్తాయి. కట్టడానికి అయిన సుమారు 3 కోట్ల 10 లక్షల యూరోల్లో దాదాపు 60 శాతం యూరోపియన్ నిధులే. లోయలో స్థిర నివాసులు సుమారు 30 వేల మందే. సెలవుల్లో, మంచు ఆటల సీజన్లో ఆ సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. ఏ దేశానికి ఆ దేశం విడిగా ఇంత ఆసుపత్రి కట్టడం గిట్టుబాటు కాదు. కలిస్తేనే లెక్క కుదిరింది. డాక్టర్ల డిగ్రీలకు యూరప్ అంతటా గుర్తింపు ఉన్నా, ప్రాక్టీసు చేయాలంటే ఆ దేశపు వైద్యమండలిలో పేరు నమోదు కావాలి. రోగుల ఖర్చు రెండు ఆరోగ్య బీమా వ్యవస్థల మధ్య సర్దుబాటు కావాలి. డాక్టరు స్పానిష్‌లో రాసిన కాగితం ఫ్రాన్స్‌లోని మందుల షాపుకూ అర్థం కావాలి. రోజూ ఇలాంటివి సర్దుకుంటూ పదేళ్ళు పైబడి నడుపుతున్నారు. 2021 మేలో కోవిడ్ రెండో వేవ్ నాడు ఏపీ నుంచి హైదరాబాద్ వస్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేయడం, హైకోర్టు కలగజేసుకోవడం మనకు ఇంకా గుర్తే. అది ఒకే దేశంలో జరిగింది.

ఈ లోయ ఇలా రెండు ముక్కలవడం 1659 నాటి పిరినీస్ సంధి పుణ్యం. ఇక్కడి 33 గ్రామాలు ఫ్రాన్స్‌కి పోయాయి. లివియాకు మాత్రం గ్రామం హోదా కాక పట్టణం హోదా ఉంది కాబట్టి అది స్పెయిన్‌కే మిగిలింది. ఇప్పటికీ చుట్టూ ఫ్రాన్స్, నడుమ ఆ ఒక్క ఊరూ స్పెయిన్. దస్తావేజులో ఓ పదం రాసినవాడు మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా జనాన్ని తిప్పలు పెట్టగలడు.

ట్రామ్ వంతెన దాటాలంటే

స్ట్రాస్‌బర్గ్ ఫ్రాన్స్‌లో, కేల్ జర్మనీలో. మధ్యలో రైన్ నది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ఆ ప్రాంతమంతా జర్మనీ చేతిలో ఉన్నప్పుడు, నది మీదుగా ట్రామ్ నడిచేది. యుద్ధాలు దాన్ని మింగేశాయి. 2017 ఏప్రిల్‌లో కొత్త వంతెన మీదుగా స్ట్రాస్‌బర్గ్ ట్రామ్ మళ్ళీ కేల్ చేరింది, మరుసటి ఏడాది ఆ ఊరి మున్సిపల్ ఆఫీసు దాకా వెళ్ళింది. పెట్టె ఎక్కినవాడికి ఇందులో వింతేమీ కనిపించదు. కట్టినవాళ్ళను అడిగితే తెలుస్తుంది. జర్మనీ గడ్డ మీద ట్రామ్ నడవాలంటే జర్మన్ ట్రామ్ నియమాలు పాటించాలి. ఆ నియమాలకు తగ్గట్టు బండ్లు ప్రత్యేకంగా తయారు చేయించాల్సి వచ్చింది. ఒకే పట్టాలు, ఒకే బండి, ఒకే డ్రైవరు, నది మధ్యకు వచ్చేసరికి రూల్ బుక్ మారిపోతుంది.

అందుకే 2015లో లక్సెంబర్గ్ ఓ ఆలోచన ముందుకు తెచ్చింది. ఉమ్మడి ప్రాజెక్టు ఒక్కదానికి, ఆ కాస్త మేర, పక్క దేశపు నియమాన్నే ఈ గట్టునా వర్తింపజేస్తే ఏం? ట్రామ్ పట్టాలు కేల్ దాకా ఫ్రెంచి రూల్స్‌తోనే వేసుకోవచ్చు కదా? 2017లో కమిషన్ సరిహద్దు ప్రాంతాల మీద ఓ పెద్ద లెక్క బయటపెట్టింది. యూనియన్ లోపలి సరిహద్దు ప్రాంతాలు మొత్తం భూభాగంలో 40 శాతం, అక్కడ ఉండేవాళ్ళు 15 కోట్ల మంది. చట్టపరమైన, పాలనాపరమైన అడ్డంకుల్లో అయిదో వంతు తొలగించినా ఆ ప్రాంతాల ఆదాయం 2 శాతం పెరుగుతుందని అందులో అంచనా వేశారు. మరుసటి ఏడాది లక్సెంబర్గ్ ఆలోచనను కమిషన్ చట్ట ప్రతిపాదనగా ముందుకు తెచ్చింది.

దేశాలు ఒప్పుకోలేదు. మా గడ్డ మీద పక్కవాడి చట్టమా, రాజ్యాంగం ఏమవుతుంది అన్నాయి. వాళ్ళ భయాన్ని కొట్టిపారేయలేం. పక్క దేశపు నియమం అమలైతే, తేడా వచ్చినప్పుడు పౌరుడు ఏ కోర్టుకు వెళ్ళాలి? ఆ నియమాన్ని మార్చమని ఏ ఎమ్మెల్యేని నిలదీయాలి? 2021కల్లా ప్రతిపాదన మూలన పడింది. యూరోపియన్ పార్లమెంటు పట్టుబట్టాక కమిషన్ దాన్ని బాగా పలచన చేసి తెచ్చింది. బ్రిడ్జ్‌ఫర్‌ఈయూ పేరుతో అది 2025 మేలో చట్టమైంది. ఇప్పుడు పక్కవాడి చట్టం ఊసు లేదు. సరిహద్దు దగ్గర ఫలానా నియమం అడ్డొస్తోందని ఫిర్యాదు వస్తే తీసుకుని, పరిశీలించి, జవాబు చెప్పే ఓ కేంద్రాన్ని దేశాలు పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలని బలవంతం లేదు. అడ్డంకి తొలగించాలన్న బలవంతమూ లేదు. ఏడేళ్ళ బేరం తర్వాత చేతికొచ్చింది ఫిర్యాదుల పెట్టె. అయినా నేను దీన్ని తీసిపారేయను. ఫలానా నియమం వల్ల ఫలానా ఊళ్ళో పని ఆగిందని ఓ కాగితం మీద అధికారికంగా రాసి ఉండటం, దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి రావడం ఇదివరకు చాలాచోట్ల లేని సంగతి.

ఫ్రాన్స్, జర్మనీ మాత్రం తమ మధ్య ఓ అడుగు ముందే వేశాయి. 2019 జనవరిలో ఆహెన్‌లో చేసుకున్న ఒప్పందంలో, సరిహద్దు ప్రాజెక్టులకు అవసరమైతే నియమాలు సడలించవచ్చని రాసుకున్నాయి.

పని ఒకచోట, కాపురం ఒకచోట, పన్ను ఎవరికి?

చట్టం కంటే డబ్బు దగ్గరే అసలు మొహాలు బయటపడతాయి. జెనీవా స్విట్జర్లాండ్‌లో ఉంది, యూరోపియన్ యూనియన్‌లో లేదు. అయినా రోజూ లక్ష మందికి పైగా పొరుగు ఫ్రాన్స్ నుంచి అక్కడికి పనికొస్తారు. జెనీవాలో అద్దెలు భరించలేరు, జీతాలు వదులుకోలేరు. వాళ్ళ జీతం మీద పన్ను జెనీవా అక్కడికక్కడే కోసుకుంటుంది. మరి వాళ్ళ పిల్లలకు బడి, వీధికి లైట్లు, నీళ్ళ కనెక్షన్ ఇచ్చేది ఫ్రాన్స్ ఊళ్ళు. ఈ తగువు 1973లోనే తీర్చుకున్నారు. ఆ పనివాళ్ళ మొత్తం జీతాల్లో 3.5 శాతం జెనీవా ఏటా ఫ్రాన్స్ వైపు ఏన్, ఓత్-సవ్వా జిల్లాలకు తిరిగిస్తుంది. ఇటీవలి కాలంలో అది ఏటా 30 కోట్ల స్విస్ ఫ్రాంకులు దాటుతోంది. ఊరి వాటా అక్కడ ఉండే సరిహద్దు ఉద్యోగుల తలల లెక్క మీద ఆధారపడుతుంది కాబట్టి, కొత్తగా వచ్చి మా ఊళ్ళో దిగినవాళ్ళు మున్సిపల్ ఆఫీసుకొచ్చి పేరు రాయించుకోండి బాబూ అని అక్కడి మేయర్లు బతిమాలుకుంటారు.

2019 డిసెంబరులో ఇరువైపుల పట్టణాలనూ కలుపుతూ లేమాన్ ఎక్స్‌ప్రెస్ లోకల్ రైళ్ళు మొదలయ్యాయి. 230 కిలోమీటర్లు, 45 స్టేషన్లు. అందులో కీలకమైన చిన్న ముక్క కడతామని స్విస్ వాళ్ళు ఒప్పందం రాసుకున్నది 1912లో! వందేళ్ళు పైగా పట్టింది.

అంత ఉదారంగా కనిపించే జెనీవా 2014 మేలో ఏం చేసిందో కూడా చెప్పాలి. ఫ్రాన్స్ వైపు కార్ పార్కింగులు కడితే జనం కార్లు అక్కడే వదిలి రైల్లోనో బస్సులోనో వస్తారు, జెనీవా రోడ్ల మీద ట్రాఫిక్ తగ్గుతుంది. దానికి 31 లక్షల ఫ్రాంకులు ఇద్దామని ప్రతిపాదించారు. ప్రజాభిప్రాయ సేకరణలో జెనీవా ఓటర్లు కొద్ది తేడాతో వద్దన్నారు. మన డబ్బుతో పరాయి గడ్డ మీద పార్కింగా అన్న మాట ముందు మిగతా లెక్కలేవీ నిలబడలేదు. ఏటా కోట్లు తిరిగిచ్చే ఒప్పందం ఓటుకు రాదు కాబట్టి సాగిపోతోంది. ఓటుకు వచ్చిన చిల్లర ఖర్చు ఓడిపోయింది.

లక్సెంబర్గ్ దారి వేరు. అక్కడ జీతం తీసుకునేవాళ్ళలో సగానికి దగ్గరగా ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళే, రెండు లక్షల పైమాటే. ఫ్రాన్స్‌లోని తియోన్‌విల్ నుంచి ఉదయం బయల్దేరే రైళ్ళలో కాలు పెట్టే చోటుండదు. జెనీవాలా మాకూ వాటా ఇవ్వండి అని ఫ్రాన్స్ వైపు మేయర్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. లక్సెంబర్గ్ బెల్జియం ఊళ్ళకు కొంత పరిహారం ఇస్తుంది గానీ ఫ్రాన్స్ ఊళ్ళకు నేరుగా ఇవ్వనంటుంది. రైలు మార్గాలు, పార్కింగులు ఉమ్మడిగా కడదాం, ఖర్చు చెరిసగం పెట్టుకుందాం అంటుంది. నా లెక్కలో ఇది సగం న్యాయమే. రైల్వే స్టేషన్ బాగుపడితే లక్సెంబర్గ్ కంపెనీలకు పనివాళ్ళు టైముకొస్తారు. ఊళ్ళో బాలవాడి నడపడానికి ఆ స్టేషన్ పనికిరాదు.

వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక లెక్క ఇంకా చిక్కుపడింది. ఫ్రాన్స్‌లో ఇల్లు, లక్సెంబర్గ్‌లో ఉద్యోగం ఉన్న మనిషి ఏడాదిలో 34 రోజుల వరకు ఇంటి నుంచి పనిచేస్తే ఫర్వాలేదు. దాటితే ఆ రోజుల జీతానికి పన్ను ఫ్రాన్స్‌కి కట్టాలి. సామాజిక భద్రతకు మళ్ళీ ఇంకో గీత. ఇంటి దగ్గర చేసే పని 25 శాతానికి చేరితే పింఛను, ఆరోగ్య బీమా అన్నీ కాపురం ఉండే దేశానికి మారిపోయేవి. ఇందుకోసం ఓ ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశాల మధ్య 2023 జులై నుంచి ఈ పరిమితిని 50 శాతానికి కాస్త తక్కువ దాకా పెంచారు. అంటే ఒకే సోఫాలో కూర్చుని ఒకే ల్యాప్‌టాప్ మీద చేసే పనికి రెండు గీతలు, రెండు లెక్కలు. ఎక్సెల్ షీట్లో రోజులు లెక్కపెట్టుకుంటూ హెచ్‌ఆర్ వాళ్ళు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

గేటు మళ్ళీ దిగితే

ఇన్నేళ్ళూ గేటు ఎత్తేశారన్న ధీమా మీదే ఇదంతా నడిచింది. 2020 మార్చిలో కోవిడ్‌తో ఆ ధీమా పోయింది. కేల్ ట్రామ్ ఫ్రాన్స్ వైపే ఆగిపోయింది. అది మహమ్మారి, ఆగక తప్పదని సరిపెట్టుకున్నారు. ఇప్పుడు అలా అనడానికీ లేదు. వలసలను కట్టడి చేయాలంటూ జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది. 2025 జులైలో పోలండ్ కూడా జర్మనీ సరిహద్దులో బదులు తనిఖీలు మొదలెట్టింది. ఓడర్ నదికి చెరో ఒడ్డున ఉన్న జర్మనీ పట్టణం ఫ్రాంక్‌ఫర్ట్ (అందరికీ తెలిసిన పెద్ద నగరం కాదు, అదే పేరున్న చిన్న ఊరు), పోలండ్ పట్టణం స్వూబిత్సెలకు 2012 నుంచి ఉమ్మడి బస్సు ఉంది. ఇళ్ళను వెచ్చబెట్టే వేడినీటి గొట్టాలనూ నది దాటించి కలుపుకున్నారు. గొట్టాల్లో నీళ్ళు ఏ పాస్‌పోర్టూ లేకుండా పోతాయి, వంతెన మీద కార్లు బారులు తీరతాయి. బెర్లిన్‌లో, వార్సాలో తీసుకున్న నిర్ణయానికి ఆ రెండు ఊళ్ళ మేయర్లు చేయగలిగింది అభ్యంతరం చెప్పడమే.

2028 నుంచి మొదలయ్యే ఏడేళ్ళ యూరోపియన్ బడ్జెట్ మీద బేరాలు కూడా ఇప్పుడే సాగుతున్నాయి. 2025 జులైలో కమిషన్ పెట్టిన ప్రతిపాదన ప్రకారం ప్రాంతీయ నిధులు, వ్యవసాయ నిధులు వగైరాలను ఒకే గంపలో వేసి, దేశానికో ప్రణాళిక చొప్పున పంచుతారు. ఇంటర్‌రెగ్‌కి విడిగా చోటు ఉంచారు గానీ, మిగతా పెద్ద డబ్బంతా రాజధానుల చేతుల మీదుగానే వెళ్తుంది. సగం ఒక దేశంలో, సగం ఇంకో దేశంలో ఉన్న రైలు మార్గాన్నో ఆసుపత్రినో ఏ దేశపు ప్రణాళికలో రాయాలి, ఎవరు ముందు రాయాలి అన్నది సరిహద్దు ప్రాంతాలు యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్‌లో అడుగుతున్న ప్రశ్న.